రోలింగ్ మిల్లుకు డిజిటల్ ట్విన్: మిల్లు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

స్టీలు రోలింగ్ మిల్లుల్లో మెయింటెనెన్స్ పని చేసేవాళ్లు, డిప్లొమా, ఇంజనీరింగ్ విద్యార్థులు నన్ను తరచుగా అడిగే ప్రశ్నలివి. ఉదాహరణలు ఎక్కువగా స్ట్రిప్ (పొడవాటి పలచటి స్టీలు పట్టీ) తీసే మిల్లువి, అంటే రెండు వర్క్ రోల్స్, వాటికి వెన్నుదన్నుగా రెండు బ్యాకప్ రోల్స్ ఉండే స్టాండ్‌వి. కమ్మీలు, వైర్ రాడ్ తీసే మిల్లుల గురించి చివర్లో విడిగా చెప్పాను.

డిజిటల్ ట్విన్ అంటే కంప్యూటర్లో కనిపించే మిల్లు 3డీ బొమ్మేనా?

కాదు. బొమ్మ ఉంటే చూడ్డానికి బాగుంటుంది, పెద్దసార్లు వచ్చినప్పుడు చూపించడానికి పనికొస్తుంది. లోపాలు పట్టుకోవడానికి మాత్రం ఆ బొమ్మతో పని లేదు.

మిల్లు నడుస్తున్నంతసేపూ పక్కనే ఇంకో లెక్క నడుస్తూ ఉంటుంది. ఈ స్పీడు, ఈ మందం, ఈ టెంపరేచర్, ఈ రోల్స్‌తో ఇప్పుడు రోలింగ్ ఫోర్సు ఎంత ఉండాలి, మోటారు కరెంటు ఎంత లాగాలి, బేరింగ్ ఆయిల్ ఎంత వేడెక్కాలి అని అది క్షణక్షణం చెబుతూ ఉంటుంది. అసలు మిల్లు ఏం చేస్తోందో సెన్సర్లు చెబుతాయి. లోపం దొరికేది ఈ రెంటికీ మధ్య తేడాలోనే.

మోడల్, షాడో, ట్విన్ అని మూడు మాటలు వినిపిస్తుంటాయి. డేటాను మనుషులు చేత్తో ఎక్కిస్తే అది మోడల్. మిల్లు నుంచి డేటా దానంతట అదే వస్తే షాడో. లెక్క నుంచి మిల్లుకు కూడా సమాచారం తిరిగి వెళ్తే ట్విన్. ఈ లెక్కన మన దగ్గర ట్విన్ అని అమ్ముతున్నవాటిలో చాలావరకు షాడోలే. అందులో తప్పేమీ లేదు, లోపాలు పట్టడానికి షాడో చాలు.

ఈ ఆలోచన ఎక్కడ మొదలైంది?

2002లో అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీలో మైకేల్ గ్రీవ్స్ ఈ ఊహను వివరించారు. డిజిటల్ ట్విన్ అన్న పేరు తర్వాత నాసాలో పనిచేసిన జాన్ వికర్స్ వల్ల స్థిరపడింది. 1970లో అపోలో 13లో ఆక్సిజన్ ట్యాంకు పేలినప్పుడు నేలమీది సిమ్యులేటర్లలో అదే పరిస్థితి కల్పించి దారి వెతికారు కాబట్టి అదే మొదటి ట్విన్ అనేవాళ్లూ ఉన్నారు. ఫ్యాక్టరీల డిజిటల్ ట్విన్‌కు ఐఎస్ఓ 23247 అనే ప్రమాణం 2021లో వచ్చింది.

మాకు వైబ్రేషన్ మీటరుంది, అలారం లిమిట్ పెట్టుకున్నాం. ఇంకా ఇదెందుకు?

పంపుకో ఫ్యానుకో అయితే ఆ లిమిట్ చాలు. అవి రోజంతా ఒకే స్పీడులో, దాదాపు ఒకే లోడుతో తిరుగుతాయి. ఐఎస్ఓ 20816 లాంటి ప్రమాణాల్లోని హద్దులు పెట్టుకుంటే సరిపోతుంది.

రోలింగ్ మిల్లు అలా కాదు. ఖాళీగా తిరుగుతుంది, స్ట్రిప్ తల వచ్చి తగిలినప్పుడు ఒక్కసారి అదురుతుంది, కాసేపు స్థిరంగా ఉంటుంది, తోక వెళ్లిపోయేటప్పుడు మళ్లీ తుళ్లుతుంది. ఈ కాయిల్ మెత్తటి స్టీలైతే తర్వాతిది గట్టిది. లిమిట్ కింద పెడితే గట్టి స్టీలు వచ్చిన ప్రతిసారీ మోగుతుంది. పైన పెడితే మెత్తటి స్టీలు నడిచేటప్పుడు బేరింగ్ పాడవుతున్నా కిమ్మనదు. గట్టి కాయిల్‌కు మామూలే అయిన అంకె మెత్తటి కాయిల్‌కు ప్రమాద సూచన కావచ్చు. ఈ సంగతి తెలియాలంటే పక్కనే లెక్క కట్టేది ఒకటుండాలి.

ఆ లెక్క ఎలా ఉంటుందో చిన్న ఉదాహరణ ఇస్తారా?

చెరకు రసం బండి దగ్గర ఎప్పుడైనా నిలబడ్డారా? ఒక్క గడ పెడితే రోలర్లు హాయిగా తిరుగుతాయి. పిప్పిని నిమ్మకాయతో సహా నాలుగు మడతలు వేసి దూరిస్తే రోలర్లు మూలుగుతూ కాస్త ఎడం జరుగుతాయి. స్టీలు మిల్లులోనూ అంతే. ఎంత లావు ఇనుముతో చేసిన స్టాండయినా ఫోర్సుకు సాగుతుంది. దీన్నే మిల్లు స్ట్రెచ్ అంటారు.

రోల్స్ మధ్య గ్యాప్ 3 మి.మీ. పెట్టాం అనుకుందాం. స్టాండ్ బిగువు మి.మీ.కు 5 మెగాన్యూటన్లు, అంటే అది ఒక మి.మీ. సాగాలంటే అంత ఫోర్సు కావాలి. స్ట్రిప్ లోపలికి వచ్చాక ఫోర్సు 10 మెగాన్యూటన్లు, అంటే దాదాపు వెయ్యి టన్నులు. పదిని అయిదుతో భాగిస్తే స్ట్రెచ్ 2 మి.మీ. బయటికొచ్చే స్ట్రిప్ మందం 3 కూడిక 2, మొత్తం 5 మి.మీ. ఉండాలి. మిల్లుల్లో దీన్ని గేజ్‌మీటర్ లెక్క అంటారు. మందాన్ని కంట్రోల్ చేయడానికి దశాబ్దాలుగా వాడుతున్నదే. దాన్నే లోపాలు వెతకడానికి తిప్పి వాడుతున్నాం, అంతే.

ఇప్పుడు బయట ఉన్న ఎక్స్‌రే గేజ్ 4.8 చూపిస్తోంది. ఆ 0.2 ఎక్కడికి పోయింది? ముందు వేడిని అనుమానించాలి. 600 మి.మీ. వ్యాసం ఉన్న స్టీలు రోల్ 40 డిగ్రీలు వేడెక్కితే వ్యాసం దాదాపు 0.29 మి.మీ. పెరుగుతుంది. వర్క్ రోల్ వెనక బ్యాకప్ రోల్ ఆనుకుని ఉంటుంది కాబట్టి ఆ పెరుగుదలంతా లోపలి వైపుకే వస్తుంది, ఒక్కో రోల్ వల్ల గ్యాప్ ఆ మేరకు మూసుకుంటుంది. అది లోపం కాదు. రోల్ వేడిని కూడా లెక్కలో కలిపితే ఆ తేడా మాయమవుతుంది. రోల్ అరిగితే గ్యాప్ తెరుచుకుంటుంది, దాన్నీ కలుపుతాం. ఇలా తెలిసిన కారణాలన్నీ తీసేశాక కూడా మిగిలే తేడా మీదే అనుమానం పెట్టుకోవాలి.

తేడా ఉందని తెలిసింది. ఏ రోల్‌లో ఉందో ఎలా తెలుస్తుంది?

రోల్ గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి దాని దోషమూ చుట్టుకు ఒకసారి పలకరిస్తుంది. స్ట్రిప్ సెకనుకు 10 మీటర్లు పోతోందనుకోండి. 600 మి.మీ. వర్క్ రోల్ చుట్టుకొలత 1.885 మీటర్లు, సెకనుకు సుమారు 5.3 చుట్లు. 1500 మి.మీ. బ్యాకప్ రోల్ చుట్టుకొలత 4.71 మీటర్లు, సెకనుకు 2.12 చుట్లు. ఫోర్సులో మిగిలిన తేడా సెకనుకు 2.12 సార్లు ఊగుతుంటే బ్యాకప్ రోల్ కేంద్రం తప్పిందని అర్థం. 5.3 సార్లు ఊగితే వర్క్ రోల్‌ను చూడాలి.

పైదా కిందిదా అని తేల్చడం కొంచెం కష్టం. పైరోల్, కిందిరోల్ వ్యాసాలు సరిగ్గా ఒకటే ఉండవు. 2 మి.మీ. తేడా ఉన్నా చాలు, డేటాను కొన్ని నిమిషాలపాటు పోగుచేస్తే రెండు ఫ్రీక్వెన్సీలు విడిపోతాయి. స్పీడు మారుతూ ఉంటుంది కాబట్టి సెకన్ల లెక్కన కాకుండా చుట్ల లెక్కన చూడాలి. మోటారుకు ఎన్‌కోడర్ (చుట్లు లెక్కపెట్టే సెన్సర్) ఉంటే అది పెద్ద పని కాదు.

ట్విన్ లేని రోజుల్లో ఇన్‌స్పెక్షన్ వాళ్లు టేపు పట్టుకుని చేసిందీ ఇదే. స్ట్రిప్ మీద ఒకే మచ్చ మళ్లీ మళ్లీ పడుతుంటే మచ్చకూ మచ్చకూ మధ్య దూరం కొలుస్తారు. 1.9 మీటర్ల దరిదాపుల్లో ఉంటే చివరి స్టాండ్ వర్క్ రోల్. అంతకుముందు స్టాండ్‌లో పడిన మచ్చయితే స్ట్రిప్ తర్వాత సాగుతుంది కాబట్టి దూరమూ సాగుతుంది. ఆ స్టాండ్ నుంచి 3 మి.మీ. మందంతో వచ్చి చివరి స్టాండ్‌లో 2.5కు తగ్గితే 1.885 మీటర్లు కాస్తా 2.26 అవుతుంది. రోల్ కంటే స్ట్రిప్ కొద్దిగా వేగంగా జారుతుంది కాబట్టి ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. టేపు పట్టుకున్న ఆ మనిషి బుర్రలో ఉన్న లెక్కే ట్విన్‌లోనూ ఉంది. కాకపోతే ట్విన్ మచ్చ పడకముందే లెక్క మొదలుపెడుతుంది.

బేరింగ్ సంగతేమిటి?

బేరింగ్ లోపానికీ ఓ లయ ఉంది. కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీ వాళ్ల ప్రయోగాల్లో వాడిన 6205 బేరింగ్‌నే తీసుకోండి. అందులో 9 బాల్స్. షాఫ్ట్ ఒక చుట్టు తిరిగేలోపు బయటి రింగు మీది గుంటను 3.58 బాల్స్ దాటితే, లోపలి రింగు మీది గుంటను 5.42 దాటుతాయి. రెండూ కలిపితే సరిగ్గా 9. రోలర్ బేరింగ్‌కూ అదే సూత్రం: బయటి రింగుకు సగం కంటే కాస్త తక్కువ, లోపలి రింగుకు సగం కంటే కాస్త ఎక్కువ.

వర్క్ రోల్ చాక్‌లో, అంటే రోల్ చివర బేరింగ్‌ను పట్టుకునే పెట్టెలో, మామూలుగా నాలుగు వరసల టేపర్ రోలర్ బేరింగ్ ఉంటుంది. బయటి రింగు కదలదు, ఫోర్సు ఎప్పుడూ ఒకే వైపు నుంచి పడుతుంది. అందుకే లోపం బయటి రింగులో ఉంటే చప్పుడు ఒకే మోతాదులో వస్తుంది. లోపలి రింగులో ఉంటే ఆ గుంట లోడు కిందికి వచ్చినప్పుడు గట్టిగా, అవతలికి పోయినప్పుడు మెల్లగా, చుట్టుకు ఒకసారి ఎక్కుతూ దిగుతూ వస్తుంది.

చిక్కేమిటంటే మిల్లు రొదలో ఈ చిన్న చప్పుడు కొట్టుకుపోతుంది. అందుకని ఎన్వలప్ పద్ధతి వాడతారు. ఎక్కువ ఫ్రీక్వెన్సీలో బేరింగ్ మోగే భాగాన్ని మాత్రమే వడకట్టి, ఆ మోత ఎంత తరచుగా పెరుగుతోందో చూస్తారు. అది కూడా స్ట్రిప్ తల తగిలే క్షణాలు వదిలేసి, నడుమ స్థిరంగా నడిచే భాగంలోనే చూడాలి. ఏ భాగం స్థిరమో ట్విన్‌కు తెలుసు కాబట్టి కత్తిరించి ఇస్తుంది.

రోల్స్ మారుస్తూనే ఉంటాం కదా, మార్చినప్పుడల్లా ట్విన్ ఏమవుతుంది?

అందరూ అడగాల్సిన ప్రశ్న ఇది, అడిగేది మాత్రం ఏ నలుగురో. హాట్ స్ట్రిప్ మిల్లులో వర్క్ రోల్స్ షిఫ్టుకు ఒకసారైనా మారుతుంటాయి. పాతవి రోల్ షాపుకు పోయి గ్రైండింగ్ అయి, కొంచెం సన్నబడి, ఏదో ఒక రోజు ఏదో ఒక స్టాండ్‌కు తిరిగొస్తాయి. చాక్ వేరు, అందులోని బేరింగ్ వేరు. కాబట్టి ‘నాలుగో స్టాండ్ ట్విన్’ అనుకుంటే పని జరగదు. రోల్‌కు ఒక పేరు, చాక్‌కు ఒక పేరు, బేరింగ్‌కు ఒక పేరు ఉండాలి. ఎవరి చరిత్ర వాళ్లది. ఏ రోజు ఏ రోల్ ఏ చాక్‌తో ఏ స్టాండ్‌లో కూర్చుందో రాసి ఉండాలి.

నేను చూసిన ఒక మిల్లులో మూడు రాత్రులు వరసగా ఒకటే అలారం. బ్యాకప్ రోల్ ఉండాల్సిన ఫ్రీక్వెన్సీకి కొద్దిగా పక్కన, ఏ రోల్‌కూ ఏ గేర్‌కూ సరిపోని చోట ఒక శిఖరం. బేరింగ్ అన్నారు, స్పిండిల్ (మోటారు వైపు నుంచి రోల్‌ను తిప్పే షాఫ్ట్) అన్నారు, గేర్‌బాక్స్ మూత తీశారు. అందరికీ టెన్షన్. నాలుగో రోజు పొద్దున రోల్ షాపు రిజిస్టర్ తెప్పిస్తే వ్యాసం 1462 అని ఉంది, సిస్టమ్‌లో 1426 అని ఎక్కింది. రెండు అంకెలు అటూ ఇటూ అయ్యాయి. ట్విన్ 2.23 దగ్గర వెతుకుతోంది, రోల్ 2.18 దగ్గర తిరుగుతోంది. రోల్ బాగానే ఉంది, మెషిన్ బాగానే ఉంది, ట్విన్ కూడా బాగానే ఉంది.

అప్పటి నుంచి ఎవరు ట్విన్ పెడతామన్నా నేను ముందు రోల్ షాపు రిజిస్టర్ చూపించమంటాను. గ్రైండింగ్ మెషిన్ నుంచి వ్యాసం నేరుగా సిస్టమ్‌కు వచ్చే ఏర్పాటు చేయకుండా సాఫ్ట్‌వేర్ మీద డబ్బు పెట్టడం గోడ కట్టకముందే సున్నం కొనుక్కోవడం.

ఏయే సెన్సర్లు కావాలి?

కొత్తవి కొనేముందు ఉన్నవి చూసుకోండి. రోలింగ్ ఫోర్సుకు లోడ్ సెల్, గ్యాప్‌కు పొజిషన్ సెన్సర్, మోటారు కరెంటు, స్పీడు, స్ట్రిప్ టెంపరేచర్, మందం, హైడ్రాలిక్ ప్రెషర్, బేరింగ్ ఆయిల్ టెంపరేచర్. ఇవన్నీ మిల్లు నడపడానికి ఇప్పటికే ఉన్నాయి, చాలా చోట్ల ఐబీఏ లాంటి సిస్టమ్‌లో రికార్డు కూడా అవుతున్నాయి. సగం ట్విన్ వీటితోనే తయారవుతుంది.

కొత్తగా కావాల్సింది వైబ్రేషన్ సెన్సర్లు. వాటిని చాక్ మీద పెడితే సిగ్నల్ బాగుంటుంది కానీ రోల్ మార్చిన ప్రతిసారీ కేబుల్ పీకాలి. నీళ్లు, స్కేల్ (వేడి స్టీలు మీంచి రాలే పొట్టు), వేడి, క్రేన్ హుక్కు, వీటన్నిటి మధ్యా ఆ కేబుల్ ఎన్నాళ్లు బతుకుతుందో మీకే తెలుసు. స్టాండ్ ఫ్రేమ్ మీద పెడితే సిగ్నల్ కాస్త మందగిస్తుంది, కానీ సెన్సర్ నిలుస్తుంది. నిలిచేదే నయమని నా అభిప్రాయం.

మా దగ్గర లోపాల డేటా లేదు. మరి ట్విన్ ఎలా నేర్చుకుంటుంది?

లోపాల డేటా పుష్కలంగా ఉందంటే ఆ మిల్లును అనుమానించాలి. మంచి మిల్లులో అయిదేళ్లకు ఒకసారి వచ్చే లోపానికి వందల ఉదాహరణలు ఎక్కడి నుంచి వస్తాయి? ఇక్కడే ట్విన్ అక్కరకొస్తుంది. లెక్కలో బ్యాకప్ రోల్‌ను కావాలని 0.05 మి.మీ. కేంద్రం తప్పిస్తాం. బేరింగ్ బయటి రింగు మీద గుంట పెడతాం. స్పిండిల్ కప్లింగ్ వదులు చేస్తాం. అలా చేస్తే ఫోర్సు, కరెంటు, వైబ్రేషన్ ఎలా మారతాయో లెక్కే చెబుతుంది. ఆ కల్పిత డేటాతో లోపాన్ని గుర్తుపట్టే ఏఐ మోడల్‌ను తయారుచేసి, ఉన్న కొద్దిపాటి అసలు డేటాతో సరిచూస్తారు.

ఒక హెచ్చరిక. 99 శాతం కచ్చితత్వం అంటూ మీ ముందుకు వచ్చేవాళ్లను ఏ డేటా మీద వచ్చిందో అడగండి. చాలాసార్లు అది పైన చెప్పిన కేస్ వెస్టర్న్ ల్యాబ్ డేటానే అవుతుంది. చిన్న మోటారు, బేరింగ్‌లో కరెంటు స్పార్కుతో చేసిన చక్కటి గుంట, స్థిరమైన లోడు. పైగా ఒకే బేరింగ్ రికార్డింగును ముక్కలు చేసి కొన్నింటితో నేర్పి, మిగతావాటితో పరీక్ష పెడితే మార్కులు రాక ఏమవుతాయి? నోట్సు చూస్తూ పరీక్ష రాసినట్టు. నేర్పిన బేరింగ్ వేరు, పరీక్షించిన బేరింగ్ వేరు అయినప్పుడు ఎంత వచ్చిందో చెప్పమనండి.

తప్పుడు అలారాలు ఎక్కువైతే ఏం చేయాలి?

లెక్క చూడండి. 500 సిగ్నళ్లు, ఒక్కోదాన్ని నిమిషానికి ఒకసారి పరీక్షిస్తున్నాం. తేడా మూడు సిగ్మాలు (సిగ్మా అంటే మామూలుగా ఉండే ఊగిసలాటకు కొలత) దాటితే మోగమన్నాం. అంతా సవ్యంగా ఉన్నా, మామూలు గంటాకారపు పంపిణీ ప్రకారం వెయ్యికి 2.7 సార్లు ఆ హద్దు దాటుతుంది. 500ను రోజుకున్న 1440 నిమిషాలతో, ఆపైన 0.0027తో గుణిస్తే రోజుకు 1944 అలారాలు. రెండో రోజుకే కంట్రోల్ రూమ్ కుర్రాళ్లు సౌండ్ ఆపేస్తారు. వాళ్లను తప్పు పట్టలేం.

అందుకే ఒక్కసారి దాటితే మోగకూడదు. వరసగా కొన్ని కాయిల్స్‌లో కనబడాలి. ఒకే లోపాన్ని రెండు మూడు రకాల సిగ్నళ్లు చెప్పాలి. ఫోర్సులో ఊగిసలాట ఉంటే మందంలోనూ అదే ఫ్రీక్వెన్సీ కనబడాలి కదా? లేకపోతే లోడ్ సెల్‌నే అనుమానించాలి. చాలాసార్లు చెడేది సెన్సరే.

ట్విన్ రోజూ తనంతట తాను నేర్చుకుంటూ పోతే మంచిదే కదా?

ప్రమాదం. బేరింగ్ ఆరు వారాలుగా మెల్లగా చెడుతోంది, ట్విన్ వారానికోసారి కొత్త డేటాతో సర్దుకుంటోంది అనుకోండి. ఆ చెడటాన్నే మామూలు అనుకుని కలిపేసుకుంటుంది. రోగాన్నే ఆరోగ్యం అనుకుంటుంది, అలారం ఎప్పటికీ మోగదు. కొత్త బేరింగ్ వేసినప్పుడు, షట్‌డౌన్ అయ్యాక, మనిషి చూసి సరే అన్నాకే కొలమానం మార్చాలి. రోల్ వ్యాసం, వేడి లాంటివి మాత్రం ఎప్పటికప్పుడు మారాల్సిందే.

ట్విన్ పట్టుకోలేనివి ఏమైనా ఉన్నాయా?

చాలా ఉన్నాయి. రోల్ లోపల పుట్టిన పగులు బయటికి తెలిసేదాకా ఫోర్సులో కనబడదు. దానికి రోల్ షాపులో అల్ట్రాసోనిక్, ఎడ్డీ కరెంట్ పరీక్షలే దిక్కు. సెన్సర్ లేని చోటును ట్విన్ ఊహించలేదు. స్ట్రిప్ దారి తప్పి గుట్టలా పోగుపడే కాబుల్ సాధారణంగా క్షణాల్లో జరిగిపోతుంది, అప్పుడు ఏ లెక్కా అడ్డం పడదు.

కోల్డ్ మిల్లులో వచ్చే చాటర్ సంగతి మధ్యస్థం. 120 నుంచి 250 హెర్ట్జ్ మధ్య మిల్లంతా కంపించి స్ట్రిప్ మందం గీతలు గీతలుగా మారుతుంది, ఒక్కోసారి స్ట్రిప్ తెగుతుంది. అది పుట్టి పెరగడానికి కొద్ది సెకన్లు చాలు. సెకనుకు ఒక్కసారి చదివే డేటాతో కనబడదు. వేగంగా చదివితే, మొదలవుతుండగానే స్పీడు తగ్గించి ఆపవచ్చు.

కమ్మీలు తీసే చిన్న రీ-రోలింగ్ మిల్లుకు ఇదంతా అవసరమా?

ఇదంతా అవసరం లేదు. హైదరాబాద్ చుట్టుపక్కల ఉండే మిల్లుల్లాంటి వాటిలో స్టాండ్‌కు లోడ్ సెల్ కూడా ఉండకపోవచ్చు. గేజ్‌మీటర్ లెక్క అక్కడ కుదరదు. మోటారు కరెంటు ఉంది కదా, దాంతో మొదలుపెట్టండి. ఇదే సైజు బిల్లెట్ (కమ్మీ తీసే స్టీలు దిమ్మ), ఇదే వేడి, ఇదే స్పీడుకు ఈ స్టాండ్ నిన్న ఎంత లాగింది, ఇవాళ ఎంత లాగుతోంది? రోల్ మీది గ్రూవ్ (గాడి) అరుగుతుంటే, బేరింగ్ బిగుస్తుంటే, గైడ్ రోలర్ తిరగడం మానేస్తే కరెంటులో జాడ కనబడుతుంది. దీనికి ఒక మామూలు కంప్యూటర్, పైథాన్ తెలిసిన ఒక కుర్రాడు చాలు.

విశాఖ ఉక్కు కర్మాగారంలో ఉన్నలాంటి వైర్ రాడ్ మిల్లుల లెక్క వేరు. చివరి బ్లాకులో 200 మి.మీ. రింగుల మధ్య నుంచి రాడ్ సెకనుకు 80 మీటర్ల వేగంతో వస్తోందంటే ఆ రింగులు నిమిషానికి 7600 చుట్లకు పైగా తిరుగుతున్నట్టు. అక్కడ గేర్లు, బేరింగ్‌ల వైబ్రేషనే ముఖ్యం, వేగంగా చదివే సెన్సర్లు తప్పనిసరి.

మిల్లు నెట్‌వర్క్‌ను బయటికి తెరవాలా?

వద్దు. డేటా బయటికి వెళ్లే దారి ఒక్కటే ఉంచండి. ట్విన్ నుంచి పీఎల్‌సీకి (మిల్లును నడిపించే కంట్రోలర్‌కు) నేరుగా రాసే హక్కు ఇవ్వకండి. స్పీడు తగ్గించమని ట్విన్ సలహా ఇస్తుంది, తగ్గించేది పల్పిట్‌లో (మిల్లు కంట్రోల్ క్యాబిన్‌లో) ఉన్న ఆపరేటర్.

ట్విన్ వచ్చాక పాత ఫిట్టర్లతో పని ఉండదా?

స్క్రూడ్రైవర్ కొన బేరింగ్ హౌసింగ్‌కు ఆనించి పిడి చెవికి పెట్టుకుని వినే పెద్దాయన మీ మిల్లులోనూ ఉండే ఉంటారు. ట్విన్‌కు అందరికంటే ఎక్కువ కావాల్సింది ఆయనే. అలారం మోగాక చాక్ విప్పి చూసినప్పుడు లోపల ఏముందో రాసిపెట్టేవాళ్లు లేకపోతే ఆ అలారం నిజమో అబద్ధమో ట్విన్‌కు ఎప్పటికీ తెలియదు. చాలా మిల్లుల్లో ఆ కాగితం మీద ‘బేరింగ్ మార్చాం’ అని రెండే మాటలుంటాయి. ఏ రింగు, ఏ వరస, గుంటా తుప్పా, గ్రీజు ఎలా ఉంది అని ఆయన్ను అడిగి రాయించండి, ఫోటో తీయించండి. ‘అన్నా, దీన్ని నువ్వు ముందే విన్నావా?’ అని కూడా అడగండి. విన్నానంటే ఎన్ని రోజుల ముందు విన్నాడో కనుక్కుని రాసుకోండి. మీ ట్విన్ అంతకంటే ముందే చెప్పగలిగిందా లేదా అన్నదే దానికి పెట్టాల్సిన పరీక్ష.

మొదట ఏ స్టాండ్‌తో మొదలుపెట్టాలి?

కిందటి రెండేళ్ల బ్రేక్‌డౌన్ రిపోర్టులు తీయండి. మెల్లగా ముదిరి, సెన్సర్‌కు దొరికి, ఎక్కువ గంటలు మిల్లును ఆపిన లోపం ఏ స్టాండ్‌లో ఉందో ఆ స్టాండ్‌తోనే. ముందు ఆ పాత డేటా మీద ట్విన్‌ను నడిపి, అప్పటి బ్రేక్‌డౌన్‌ను ఎన్ని రోజుల ముందు పట్టేదో చూడండి. పట్టలేకపోతే సెన్సర్ల ఆర్డర్ ఇంకా పెట్టకండి.